పెద్దింటి పూనకం

1. బుధవారం

ఇవాళ భోజనాల వేళ దాకా నా నోటితో ఏం మాట్లాడానో నాకు తెలియదు. వీరవేణి చెబితే తెలిసింది. ఆవిడ చెప్పింది మరిచిపోకముందే ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలనిపించి ఇది మొదలుపెట్టాను. నా పేరు దాక్షాయణి. కొత్తలంక నాచు కంపెనీకి డైరెక్టర్ని. కంపెనీ మాది కాదు. సముద్రాల అవతల ఉన్న ఒక పెద్ద కంపెనీకి ఇది పిల్ల కంపెనీ. మాతో కలిపి ఇలాంటి శాఖలు వాళ్లకు తొమ్మిది దేశాల్లో ఉన్నాయి. మా లంకలో అందరూ ఆ పెద్ద కంపెనీని పెద్దిల్లు అంటారు.

వెనకటికి పెద్దింటి నుంచి దొరలు విమానాలెక్కి వచ్చేవారట. మా ఉక్కకు చెమటలు కక్కుకుంటూ రెండేళ్లుండి వెళ్లేవారట. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. నా చెవి వెనక చర్మం కింద ఒక గింజ పెట్టారు. అక్కడ పెద్దింట్లో మార్టెన్ అనే ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటాడు. ఇక్కడ నా కళ్లు తెరిచి చూస్తాడు. నా కాళ్లతో నడుస్తాడు. ఆయన అనుకున్నది గింజ తెలుగు చేసి నా నోటితో పలికిస్తుంది. అంతసేపూ నేను ఉండను. దాన్ని నిద్ర అనడానికి కూడా లేదు, నిద్రలో కలలైనా వస్తాయి.

కాగితాల మీద దీని పేరు ప్రత్యక్ష సన్నిధి. మా వాళ్లకు ఆ పేరుతో పని లేకపోయింది. ఒక ఆడమనిషి ఉన్నట్టుండి నిటారుగా నిలబడి తనది కాని తీరులో ఆజ్ఞలిస్తే దాన్ని ఏమంటారో వాళ్లకు తరతరాలుగా తెలుసు. పూనకం అన్నారు. మార్టెన్‌ని మార్తాండం గారిని చేశారు. ఆయన వచ్చాడని అందరికీ తెలియడానికి నా మెడలో ఎర్ర కండువా వేసే ఏర్పాటు కూడా వాళ్లదే. పెద్దింటివాళ్లు అది చూసి ముచ్చటపడి మిగతా శాఖలకు కూడా ఎర్ర కండువాలు పంపించారు.

పూనకానికి మా వైపు ఒక మర్యాద ఉంది. పూనిన మనిషికి ఎవరూ ఎదురు చెప్పరు. తల వంచుకుని వింటారు. దిగిపోయాక మజ్జిగ ఇచ్చి, ఆ మనిషి నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఇంటివాళ్లలో ఒకరు తిరిగి చెబుతారు. అసలు తగువు అప్పుడు మొదలవుతుంది. మా దగ్గర తిరిగి చెప్పే పని క్యాంటీను చూసే వీరవేణిది. వాళ్ల నాయనమ్మకు జాతరలో పూనేదట. అందుకని ఆ అర్హత ఆవిడకే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

“ఇయ్యాల ఏం సెప్పేరంటేనండి,” అని గ్లాసు చేతికిచ్చి మొదలుపెట్టింది. “ఇకమీదట సముద్రం షట్టర్లు మార్తాండం గారి మాట మీదే ఎత్తాలంటండి. మీరు సెప్పినా ఎత్తకూడదంటండి.”

“నేను చెప్పినా?”

“మీ నోటితోనే సెప్పేరండి.”

“మరి మీరేమన్నారు?”

“ఏమంటామండి. ఆయ్ అన్నాం.”

2. శుక్రవారం

బుల్లబ్బులు లస్కర్ల పెద్ద. షట్టర్ల చక్రాలు తిప్పే మనుషులను మా వైపు లస్కర్లంటారు, పాత కాలవల నాటి నుంచి అదే మాట. మార్తాండం గారి ముందు తల వంచుకుని నిలబడ్డ ఈ మనిషే, ఆయన దిగిపోయిన దగ్గర్నుంచి నా ప్రాణం తోడేస్తున్నాడు.

“ఎనకాల గోదారి ఉందన్న సంగతి ఆయనకి తెలుసాండి? వరదొత్తే ఆ నీళ్లు మన నాచు చెరువుల్లోకొచ్చి, షట్టర్ల కింద నుంచి సముద్రంలోకెల్లాలి. ఎత్తకపోతే కాలనీలోకొత్తాయి. ఆయన సెప్పేదాకా ఆగుతాదాండి గోదారి?”

“ఆ మాట బుధవారం ఆయనతోనే అనాల్సింది.”

“పూనకం మీదున్నోళ్లకి ఎదురు సెప్తారాండి ఎవరైనా?”

“అది అమ్మవారు కాదు బుల్లబ్బులూ. కుర్చీలో కూర్చున్న ఉద్యోగస్తుడు.”

“అయితే మాత్రం. నిలబడింది మీ ఒంట్లో కదండి.”

పాత ఊళ్లు సముద్రం కిందికి పోయాక, మిగిలిన మట్టి చుట్టూ కట్ట పోసి నిలబెట్టిన ఊరు మాది. ముందు సముద్రం, వెనక గోదావరి పాయ, మధ్యలో నాచు చెరువులు, వాటి గట్టున కాలనీ. ఇళ్లు కంపెనీవే. మిగతా శాఖలన్నీ ఎండు తీరాల్లో ఉన్నాయి. అక్కడ నది లేదు, వరద మాటే లేదు. అయినా చెరువులో ఉప్పు ఎంతుండాలో, నీళ్లు ఎంత ఎత్తుండాలో, కోత ఎప్పుడో పెద్దిల్లు అందరికీ ఒకటే కొలత పెట్టింది. ఒకే తాను గుడ్డతో ఇంటిల్లిపాదికీ ఒకే సైజు చొక్కాలు కుట్టించినట్టు ఉంటుంది వాళ్ల పని.

మా వాళ్ల అభ్యంతరాలన్నీ రాసి పైకి పంపాను. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. సమావేశంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదట. తొమ్మిది శాఖల్లోనూ ఏకాభిప్రాయం ఎక్కువగా ఉన్నది మా దగ్గరేనట. అందుకే షట్టర్ల అధికారం ముందుగా మా దగ్గర్నుంచే తీసుకున్నారట. చివర అభినందనలు కూడా ఉన్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

3. బుధవారం

మార్టెన్ వచ్చే ముందు అందరినీ కూర్చోబెట్టి బతిమాలాను. ఆయన అడిగితే నోరు విప్పండి, నాతో రోజూ పడే గొడవలో పదో వంతు ఆయనతో పడండి అన్నాను. అందరూ సరేనన్నారు.

మెలకువ వచ్చేసరికి వీరవేణి నా మొహం వైపు చూడకుండా గ్లాసు అందించింది.

“ఏమైనా ఇబ్బందులున్నాయా అని రెండు సార్లు అడిగేరండి. ఎవరూ తలెత్తలేదండి. థాంక్స్ సెప్పేరు.”

“ఒక్కళ్లయినా?”

“మా మావయ్య బుల్లబ్బులు ఏదో అనబోయేడండి. మీరు, అదే ఆయన, అలా సూసేసరికి మానేసేడు. ఆ తరవాత గోడ మీద బొమ్మేసి సూపించేరు. మన తరవాత ఈ రూలు పెట్టిన ఏరే శాఖలో మేనేజరు మాట మీద షట్టర్లు ఎత్తేసేరంట. ఎత్తినోళ్లందరి సేతా ఇళ్లు ఖాళీ సేయించేరు. పిల్లలు, దుప్పట్లు, గిన్నెలు అన్నీ బండ్ల మీదేసుకుని ఎల్లిపోతన్నారండి. ఆయన గట్టిగా ఏం అనలేదు. మీరు మాట్టాడినంత మెల్లగా సెప్పేరు.”

అంతటితో దిగిపోలేదట. స్థానిక జీవితం ఎలా ఉంటుందో చూస్తానని కాలనీలోకి నడిచాడట, కండువా తీసి సంచిలో పెట్టుకుని. మా ఇంటికి వెళ్లాడు. కాలనీ బడిలో పాఠాలు చెప్పే మా ఆయన భీమేశ్వర్రావు ఆ వేళప్పుడు ఇంట్లోనే ఉంటారు.

“నువ్వేననుకుని కాఫీ ఇచ్చాను,” అన్నారు ఇందాక. “తాగి, గదులన్నీ తిరిగావు. మన పెళ్లి ఫొటో తీసి చాలాసేపు చూశావు. మనిద్దరం సంతోషంగా ఉన్నామా అని అడిగావు. అప్పుడు అనుమానం వచ్చింది.”

“ఏం చెప్పారు?”

“ఉన్నామని చెప్పాను. ఏం చెప్పమంటావు మరి.”

నా ఇంట్లోకి నేను లేకుండా నేను వచ్చి వెళ్లాను. చేతులు ఎంత కడిగినా ఎవరివో అనిపిస్తున్నాయి. భయం వేస్తోంది. ఇది సరికాదని పైకి రాశాను. స్థానిక సంస్కృతిని అర్థం చేసుకోవడం ప్రత్యక్ష సన్నిధిలో భాగం అని జవాబు.

4. సోమవారం

ఎగువన వారం నుంచి ఒకటే వాన. ఆనకట్ట గేట్లు అన్నీ ఎత్తేశారని కబురు. గోదావరి పాయ ఎర్రగా, బరువుగా వస్తోంది. చెరువుల్లో నీళ్లు గట్టు అంచును నాకుతున్నాయి. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ షట్టర్లెత్తితే వరద దానంతటదే దిగిపోతుంది. దాంతోపాటు నాచు కూడా పోతుంది. కోత వచ్చే వారం.

అనుమతి అడిగాను. మార్టెన్ సెలవులో ఉన్నాడు. అక్కడ వేసవి సెలవులట, ఆయన పైవాళ్లూ సెలవులోనే ఉన్నారట. అత్యవసరమైతే ఆయన తిరిగొచ్చాక మొట్టమొదటి సమావేశం మాకే ఇస్తారట. ఇంకోసారి అడిగాను. ఆ జవాబే, చివర థాంక్స్‌తో సహా, ఇంకోసారి వచ్చింది. గోడకు చెప్పినా ఇంతకన్నా బాగుండేది, గోడ థాంక్స్ చెప్పదు.

5. మంగళవారం

పొద్దున్న కాలనీలో చివరి వరస ఇళ్ల గడపల దాకా నీళ్లొచ్చాయి. పాటు మధ్యాహ్నం. అది దాటితే సముద్రం పోటు మీద ఉంటుంది, అప్పుడు షట్టర్లెత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే. సాయంత్రానికి కాలనీ మునుగుతుంది.

షట్టర్ల కట్ట మీదికి వెళ్లి, ఎత్తండి అన్నాను. లస్కర్లందరూ చక్రాల దగ్గరే ఉన్నారు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

“మీ మాట మీద ఎత్తితే మా ఇళ్లు పోతాయండి,” అన్నాడు బుల్లబ్బులు.

“ఎత్తకపోతే మునుగుతాయి కదయ్యా.”

“మునిగితే మళ్లీ కడుక్కుని కాపురం సేత్తామండి. ఖాళీ సేయమంటే ఎక్కడికెల్తాం. లంకలో మట్టి ఇంకెక్కడుందండి?”

“పిల్లలు, ముసలివాళ్లు ఉన్నారు. కరెంటు స్తంభాలు నీళ్లలో ఉన్నాయి. మునిగితే ఇళ్లతో పోదు, మనుషులు పోతారు.”

“మరేనండి,” అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా చెయ్యి కదల్లేదు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. చక్రం పట్టుకుని నేనే తిప్పబోయాను. నలుగురు కలిస్తే గాని తిరగని చక్రం అది. అప్పుడు వీరవేణి గట్టు దిగి నా దగ్గరికి వచ్చింది. నా సంచిలోంచి ఎర్ర కండువా తీసి, ఏమీ అనకుండా నా మెడలో వేసింది. లస్కర్ల వైపు తిరిగి, “ఒత్తన్నట్టున్నారండి,” అంది.

అందరూ టక్కున తలలు వంచారు.

మార్టెన్ ఎలా నిలబడతాడో నేను ఎప్పుడూ చూడలేదు. ఎలా మాట్లాడతాడో వినలేదు. ఈ లంకలో ఆయన తీరు తెలియనిది నాకొక్కదానికే. వీరవేణి నా పక్కన నిలబడి పెదవులు కదపకుండా చెప్పింది. “సేతులు ఎనక్కి కట్టుకోండి. ఇంటిపేరుతో కలిపి పిలవండి. తొందరపడకండి.”

చేతులు వెనక్కి కట్టుకున్నాను. “గుత్తుల బుల్లబ్బులు గారూ. షట్టర్లు అన్నీ ఎత్తించండి.”

“ఆయ్,” అన్నాడు తల వంచుకునే.

ఆ మనిషికి తెలుసు. అందరికీ తెలుసు. మార్టెన్ సెలవులో ఉన్న సంగతి నిన్ననే లంకంతా పాకింది. వాళ్లకు కావలసింది ఆయన చెప్పాడని అనుకునే వీలు మాత్రమే. చక్రాలు కిర్రుమన్నాయి. చెరువులు ఒక్కసారి కదిలి, పచ్చటి నాచంతా చాపలు చుట్టినట్టు చుట్టుకుంటూ సముద్రంలోకి పోయింది. చూస్తుండగానే గడపల దగ్గర నీళ్లు మెట్టు దిగాయి.

ఇంకొక్క సంగతి కూడా రాసి పెట్టుకోవాలి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డంతసేపూ నా మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. అది నాకు నచ్చింది. సిగ్గుగానే ఉంది, కానీ నచ్చింది.

6. బుధవారం

సెలవుల తరవాత మార్టెన్ ఇవాళ వచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను. మెలకువ వచ్చాక వీరవేణి చెప్పింది ఇది.

“షట్టర్లు ఎవరెత్తమన్నారని అడిగేరండి. మీరే కదండీ అన్నాం.”

“అందరూ?”

“ఆయ్, అందరం. ఆయన కుర్చీలో కూలబడిపోయేరు. నేను సెలవులో ఉన్నాను కదా అని ఆయనలో ఆయనే అనుకున్నారు. తరవాత లేచి, అవును, నేనే సెప్పేను అన్నారండి.”

నేను మజ్జిగ పక్కన పెట్టేశాను. ఎందుకన్నాడో అర్థమైంది. కాదంటే, తాను లేనప్పుడు ఒక శాఖ తన చెయ్యి దాటిపోయిందని పైవాళ్లకు చెప్పుకోవాలి. అవునంటే తన కుర్చీ తనకు ఉంటుంది. మా కాలనీకి ఇళ్లు ఉంటాయి. ఆ క్షణంలో ఆ మనిషి మీద కాస్త జాలి కూడా కలిగింది.

7. శనివారం

పెద్దింటి నుంచి ప్రకటన. కొత్తలంకలో ఒక్క ప్రాణం కూడా పోకుండా వరదను దాటించింది ప్రత్యక్ష సన్నిధే అని తేల్చారు. పోయిన నాచు విలువ కన్నా ఈ రుజువు విలువ ఎక్కువట. కాబట్టి వచ్చే నెల నుంచి తొమ్మిది శాఖల్లోనూ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పడుకునేదాకా సన్నిధి ఉంటుంది. స్థానిక డైరెక్టర్లకు నిద్ర సొంతం.

రుజువంటే నేను వేసిన వేషమే. నా వేలితోనే నా కన్ను పొడుచుకున్నాను.

కుదరదని చెప్పాలంటే, ఆ రోజు ఆయన రాలేదని చెప్పాలి. చెబితే చక్రాలు తిప్పినవాళ్ల ఇళ్లు పోతాయి. కాలనీ వాళ్లను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరైనా వద్దంటారని చూశాను. తలలు వంచుకుని కూర్చున్నారు, నేను నేనుగా ఉన్నప్పుడు కూడా.

“మీ ఇట్టమండి,” అన్నాడు బుల్లబ్బులు చివరికి. అంత మెత్తగా ఆ మనిషి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

“నాకు నువ్వు కావాలి,” అన్నారు. “కానీ ఆ కాలనీ పిల్లలందరికీ నేను పాఠాలు చెబుతాను. వాళ్ల మొహాలు చూస్తూ సంతకం పెట్టొద్దని ఎలా అనను.”

ఆ ఇళ్లు మునగకుండా ఒకసారి చూశాను. ఇప్పుడు నా కోసం వాటిని ఖాళీ చేయించడం నా వల్ల కాదు. ఒప్పుకుంటూ సంతకం పెట్టాను. నాకు చాలా భయంగా ఉంది.

8. ఏ వారమో

తెల్లవారుజామున కాసేపు నాకు మెలకువ. పక్కన ఈయన నన్ను చూసి ముందు కొంచెం జరుగుతారు, నేనేనని తెలిశాక చెయ్యి పట్టుకుంటారు. ఆ జరగడం ఆయనకు తెలియకుండానే జరుగుతోంది.

నా జడ లేదు. మెడ దాకా కత్తిరించి ఉంది. ఉక్క తట్టుకోలేక మార్టెన్ కత్తిరించుకున్నాడట. దేవుడి మొక్కుకు కూడా ఇవ్వని జుట్టు. అద్దం ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుపు తీరేలోపే తూర్పు తెల్లబడింది.

9.

అమ్మగారండీ, ఇది వీరవేణిని రాత్తన్నానండి. మీకు తిరిగి సెప్పడానికి మీరు మాకు దొరకడం లేదు. మీ ఆయన గారే ఈ పుస్తకం తెచ్చి ఇచ్చి, ఇందులో రాయి, లేవగానే సదువుకుంటాది అన్నారు. నా రాత బాగోదు, ఏమనుకోకండి.

ఇయ్యాల పొద్దున్న మీటింగులో మార్తాండం గారు ఎప్పట్లాగే ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగేరు. మా మావయ్య బుల్లబ్బులు తలెత్తేడండి. ఎత్తి, మీ మొహంలోకే సూసేడు. ఆ రోజు మీరు రాలేదండి, షట్టర్లెత్తించింది ఆవిడే, మాకు తెలిసే ఎత్తేం అన్నాడు.

పూనకానికి ఎదురు సెప్పడం నేను పుట్టి బుద్దెరిగేక సూడలేదు. మా నాయనమ్మ ఉంటే సెవులు మూసుకునేది. తరవాత మిగతా లస్కర్లు కూడా ఒక్కొక్కళ్లూ తలెత్తేరు. నేనూ ఎత్తేను. కండువా ఏసింది నేనేనని సెప్పేనండి.

మార్తాండం గారు, మీకు తెలుసు కదా ఇళ్ల సంగతి అన్నారు. తెలుసండి, ఇళ్లు తీసుకోండి, ఆవిణ్ణి మాకిచ్చెయ్యండి అన్నాడు మావయ్య.

ఆయన ఏం సేత్తారోనని అందరం సూత్తన్నాం. కోప్పడలేదు. మీ కుర్చీలో కూచుని, మీ మెడ మీద కత్తిరించిన జుట్టు సేత్తో తడుముకున్నారు. ఆ అధికారం నాకు లేదు, పైవాళ్లని అడగాలి అన్నారండి. మీ పైన కూడా ఉన్నారాండి అని అడిగేడు మావయ్య. ఉన్నారు అన్నారు. ఆళ్లు కూడా మీకు పూనుతారాండి అని అడిగేడు. దానికి మాత్రం ఆయన మొహం అటు తిప్పేసుకున్నారు.

అడిగి సెప్తానన్నారు. ఏమంటారో తెలీదు. ఎవరికీ ఆశ పడే ధైర్యం లేదు, అలాగని ఎనక్కి తగ్గే ఉద్దేశం కూడా లేదండి. కాలనీలో అందరూ సామాన్లు సర్దుకుంటన్నారు. మేం మంచాలు ఇప్పేసేం. ఇయ్యాల కిందే పడుకుంటామండి.